సంచి లేనిదాని నొప్పి

ఈ వ్యవహారంలో అందరికంటే తెలివితక్కువదాన్ని నేనే. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే తర్వాత మా అత్తమ్మ గురించీ మా ఆయన గురించీ రాసేటప్పుడు చెయ్యి తడబడదు.

పట్నంలో గర్భసంచి తీయించుకుని ఆలేరుకు తిరిగి వచ్చిన రోజు, కుట్లు ఇంకా లాగుతుండగానే పెరట్లోకి నడిచాను. మేకల కొట్టం పక్కన తడకలతో కట్టిన చాటు ఒకటి ఉండేది. నెలకు మూడు రోజులు నేను బయట కూర్చునే చోటు అది. ఆ తడకలు పీకి పారేశాను. నాకోసం వేరుగా ఉంచిన మట్టి ముంతను గోడకేసి కొట్టాను. అంతటితో ఆగినా బాగుండేది. నన్ను చూడటానికి వచ్చిన వాడకట్టు ఆడవాళ్లందరూ వింటుండగా మా అత్తమ్మతో, "అత్తా, ఇగ సూడు. నెలకు ముప్పై దినాలు పొయ్యి నాదే. నువ్వు కాలు మీద కాలేసుకోని కూసో" అన్నాను.

ఆమె అడగలేదు. ఎవరూ అడగలేదు. గెలిచినవాళ్లకు మాటలు ఎక్కువవుతాయి. నేను గెలిచాననే అనుకున్నాను. మా అత్తమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది, ఆరేళ్లు విప్పలేదు.

ఇప్పుడు నొప్పి పలచబడింది. రెండేళ్లుగా అది ముందులా చెప్పిన తిథికి రావడం లేదు. వచ్చినా గుమ్మంలో నిలబడి పలకరించి పోతుంది. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను. మా వాడకట్టులో చదువు రాని ఆడవాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేది నేనే. ‘నేను ఇక్కడ క్షేమము’ అని రాయించే వాళ్లలో సగం మంది కడుపు పట్టుకుని రాయిస్తారు. నా చేత్తో అన్ని అబద్ధపు క్షేమాలు రాశాక, ఒక్కసారి ఉన్నమాట కూడా రాయాలనిపించింది.

*

నా పేరు అండాలు. మా బాపు పల్లెలో సొంతంగా బడి నడుపుకున్న పంతులు. అందరూ ఉర్దూ చదువుతున్న కాలంలో నాకు పట్టుబట్టి తెలుగు నేర్పాడు. మా ఆయన పేరు నేను పలకకూడదు గనక సైకిళ్లాయన అంటాను. ఊరంతా కూడా అలాగే అంటుంది. ఆలేరు స్టేషను నుంచి వచ్చే బాటలో ఆయనకు కిరాయి సైకిళ్ల దుకాణం. దుకాణం వెనక ఇల్లు. ఇంట్లో ముగ్గురమే: ఆయన, ఆయన తల్లి, నేను. పెళ్లయి పదిహేనేళ్లయినా నాలుగో మనిషి రాలేదు.

పంతొమ్మిది వందల యాభై ఆరులోనో యాభై ఏడులోనో నొప్పి ముదిరింది. అంతకు ముందు కూడా ఉండేది కానీ, ఆడదానికి ఉండేదేలే అని నేనూ అనుకున్నాను. ముదిరాక అది వేరే తీరు. నడుములో మొదలై తొడల దాకా ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉండేది. పిండి, దులిపి, మళ్లీ పిండేవాళ్లు. రక్తం కూడా అలాగే పోయేది. మూడు రోజులు తడకల చాటున గొంగడి మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేదాన్ని. మేకలు నన్ను చూస్తూ నెమరువేసేవి. అత్తమ్మ అన్నం పళ్లెం దూరంగా పెట్టి వెళ్లేది.

ఆ చాటును ఎంత తిట్టుకున్నానో! నాలుగక్షరాలు చదివినదాన్ని కదా, మనిషిని మనిషి తాకకుండా మేకల పక్కన కూర్చోబెట్టడం నాకు అవమానంగా ఉండేది. ఆ అవమానం లోపల ఒక పరుపు ఉందని నాకు తెలియలేదు. ఆ మూడు రోజులు నన్ను ఎవరూ లేపేవారు కాదు. బిందె ఎత్తమనేవారు కాదు. పొయ్యి ముందు కూర్చోమనేవారు కాదు. నా చదువుకు అది జైలు, నా నడుముకు అదే దవాఖాన. నేను చదువు మాటే విన్నాను.

అత్తమ్మ చెడ్డది కాదు. ఆమెకు ఆ రోజులు ఎప్పుడో నిలిచిపోయాయి. నేను బయట కూర్చున్న ప్రతిసారీ, అరవయ్యేళ్ల మనిషి పొగలో కళ్లు తుడుచుకుంటూ వండేది. వండుతూ గొణిగేది. ఒకసారి నాకు వినబడేలా కొడుకుతో, "ఇంకో పిల్లను తెచ్చుకోరాదురా, ఇంట్ల చెయ్యిసాయం ఉంటది, పిల్లలు గూడ అయితరు" అంది.

"ఒక్క సైకిలు తొక్కుడే కష్టమైతాందే అవ్వా, రొండు సైకిళ్లు ఒక్కపారే ఎట్ల తొక్కుత?" అన్నాడాయన.

తడకల వెనక ఆ మాటకు నవ్వు వచ్చింది. నవ్వితే నొప్పి ఎక్కువైంది. మా ఆయన మంచితనం ఎప్పుడూ అలాగే ఉంటుంది, ముందు నవ్వు వస్తుంది, తర్వాత నొప్పి తెలుస్తుంది.

*

యాభై ఎనిమిది చలికాలంలో పట్నం వెళ్లాం. ఆడవాళ్ల దవాఖానలో డాక్టరమ్మ నన్ను చూసి, సంచి పాడైంది తీసేయాలి అంది. పిల్లల ఆశ ఇంక పెట్టుకోవద్దు అని మెల్లగా చెప్పింది. ఆయన తల వంచుకుని దవాఖాన నేల మీది గీతలు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కాగితం మీద సంతకం పెట్టాడు. నన్ను అడగకుండా పెట్టాడని కాదు. నేనే కలం అందించాను. నాకు ఆ నిమిషంలో బిడ్డ గుర్తుకు రాలేదు, నొప్పి లేని నడుము ఒక్కటే కనిపించింది.

"సంచి తీస్తాం కానీ అండాలు ఉంటాయి, భయపడకు" అంది డాక్టరమ్మ.

"నేను ఉంటగదమ్మా! గంత పానం మీదికొస్తదా?" అన్నాను బెదిరిపోయి.

అక్కడున్న నర్సులు నవ్వారు. నా పేరు చీటీలో చూసి డాక్టరమ్మ కూడా నవ్వింది. లోపల గింజల్లాంటివి రెండు ఉంటాయని, వాటి సంగతి తాను చెబుతోందని అప్పుడు తెలిసింది. నా పేరుగలవాళ్లు నా లోపల ఇద్దరున్నారని, వాళ్లే నన్ను ఇంకా ఆరేళ్లు ఏడిపిస్తారని మాత్రం ఎవరూ చెప్పలేదు.

దుకాణం మూసి ఉంచలేక ఆయన మూడో రోజే ఆలేరు బండెక్కాడు. నన్ను ఉంచిన వార్డులో అందరూ బాలింతలే. మంచం మంచానికీ ఒక ఊయల. రాత్రీ పగలూ ఎవరో ఒక పసిబిడ్డ ఏడుస్తూనే ఉండేది. సాయంత్రం చుట్టాలు వచ్చినప్పుడు పక్క మంచాల చుట్టూ జనం మూగేవారు. నా మంచం పక్కన మాత్రం వాళ్ల చెప్పులు ఉండేవి. కొత్తగా డ్యూటీలోకి వచ్చిన ఆయా ఒకామె నా దుప్పటి సరిచేస్తూ, "బచ్చా కిధర్ హై అమ్మా?" అని, బిడ్డ ఏదని అడిగింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆమెకు అర్థమైంది. వెళ్లి, ఎక్కడి నుంచో ఒక గ్లాసు వేడి చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ చాయ్ రుచి ఈనాటికీ నాలుక మీద ఉంది. అక్కడున్న పద్దెనిమిది రోజుల్లో నన్ను ఏడ్పించింది ఆ చాయ్ ఒక్కటే.

*

ఆలేరుకు వచ్చి, తడకలు పీకి, గొప్పలు చెప్పుకున్నాను అని ముందే రాశాను. నెల గడిచింది.

నెల తప్పింది అంటే మా దిక్కు ఆడవాళ్లు చెవులు కొరుక్కుంటారు, చక్కెర పంచుతారు. నాకు నెల తప్పింది, నొప్పి తప్పలేదు. ఆ రోజు జొన్నరొట్టె కొడుతున్నాను. నడుములో ఎవరో బట్ట తడిపారు. ఓహో, కుట్లు అనుకున్నాను. పిండడం మొదలుపెట్టారు. చేతిలో రొట్టె నేల మీద పడింది.

కుట్ల నొప్పే అని సరిపెట్టుకున్నాను. రెండో నెల అదే తిథికి మళ్లీ వచ్చింది. కుట్లకు తిథులేమిటి? మూడో నెల పొయ్యి పక్కనే గోడకు ఒరిగి, "అత్తా, జర అన్నం నువ్వు వంచవా, నాకు మునుపటి లెక్కనే లేస్తాంది" అన్నాను.

అత్తమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మునుపటి లెక్కనా? మునుపు ముట్టయితుండె. ఇప్పుడేమన్న అయిందా?"

"లేదు."

"మరి? సంచి లేనిదానికి నొప్పేందే? మా ముందట నువ్వే గదా అంటివి, ముప్పై దినాలు పొయ్యి నాదేనని. ఇగ పండుకుంటనంటే ఎట్ల?"

భోజనానికి వచ్చిన ఆయనను అడిగాను. ఆయన చేతులు కడుక్కుంటూ ఆలోచించాడు. ఆయనకు లోకమంతా సైకిలే. "ట్యూబే తీసేసినంక పంక్చరెట్లయితదే? భయం అయివుంటది. మర్సిపో, పోతది" అన్నాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. వాళ్లకు తెలిసింది చెప్పారు. నాకు అప్పుడు తట్టింది, ఇన్నేళ్లు నా నొప్పికి ఉన్న ఒకే ఒక సాక్షి ఆ రక్తమే అని. గుడ్డ మీద ఎర్రగా కనబడితే పడుకోనిచ్చేవారు. ఆ సాక్షిని నేనే కాగితం మీద సంతకం పెట్టించి కోయించుకున్నాను. ఆపరేషన్‌లో మొదటి అక్షరం పోయి నాకు పరేషాన్ మిగిలింది.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. నెలలో రెండు మూడు రోజులు వెల్లకిలా పడుకునే జాగా, ఎందుకు పడుకున్నావు అని అడగని నోరు. దానికే ఆరేళ్లు పట్టింది.

*

యాభై తొమ్మిది నుంచి అరవై రెండు దాకా ఏళ్లను విడివిడిగా చెప్పలేను. అవన్నీ ఒకే నెల మళ్లీ మళ్లీ వచ్చినట్టు ఉండేవి.

ఊరి దవాఖానలో ఒక కంపౌండరు ఉండేవాడు. వెళ్లిన ప్రతిసారీ ఎర్ర నీళ్లే సీసాలో పోసి ఇచ్చేవాడు. తలనొప్పికీ అదే, దగ్గుకూ అదే, నాకూ అదే. "పిల్లల్లేరు గదమ్మా, గా మనాది నడుముకెక్కింది. గుడి చుట్టు తిరుగు" అనేవాడు. తిరిగాను. నడుము నాతోపాటే తిరిగింది.

ఇంకో చిత్రం జరిగింది. నేను మైలపడని మనిషినయ్యాను కదా. వాడకట్టులో నాకు గిరాకీ పెరిగింది. ఎల్లమ్మకు బోనం వండాలంటే నేనే. పెళ్లింట పసుపు కొట్టాలంటే నేనే. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడైతే మరీ. నెలసరి వచ్చిన చెయ్యి తగిలితే తొక్కు బూజు పడుతుందని మా దగ్గర నమ్మకం. కలుపుతుండగా నడిమధ్యలో ఎవరికి ఆ రోజులు వస్తాయో అని అందరికీ భయమే. నా చేతికి ఆ భయం లేదు. అందుకని నాలుగిళ్ల కాయలు మా పెరట్లోకి వచ్చి పడేవి. వీళ్లు తొక్కు తొక్కు అని నన్ను పిలిచి, నన్నే తొక్కారు.

అందరికంటే ముందు వచ్చేది పక్కింటి బుచ్చమ్మ. "నీకేందమ్మా అండాలూ, రాణివి. నెలంత నీదే. మేమే నెలకు మూన్నాళ్లు చెడిపోతం" అనేది, కాయల గంప దించుతూ. ఆమె ఎగతాళి చేయలేదు, నిజంగానే అసూయ పడింది. నేను నవ్వి కత్తిపీట ముందు కూర్చునేదాన్ని. ఏం చెప్పాలి? నలుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని మాట్లాడుతుంటే, వాళ్ల మధ్య నేను పెదవి కరుచుకుని కాయలు కోసేదాన్ని. తడకల చాటున మేకలతో ఉన్నప్పుడు కూడా అంత ఒంటరితనం ఎరగను. మేకలు కనీసం ముక్కలు చిన్నగా కోయమనలేదు.

ఆ ఏళ్లలో ఒక్క మంచి సంగతి చెప్పి తీరాలి. అరవై ఒకటి వానాకాలం. అత్తమ్మ తన మరిది కూతురి పెళ్లికి పల్లెకు వెళ్లింది. మధ్యాహ్నం నేను పొయ్యి పక్కనే నేల మీద ముడుచుకుని ఉన్నాను. ఆయన అన్నానికి వచ్చి చూశాడు. దుకాణంలోకి వెళ్లాడు. కాసేపటికి ఒక పాత సైకిలు ట్యూబు తెచ్చాడు. కోసి, ఒక కొస గట్టిగా మడిచి కట్టి, అతుకు వేసి ఉంది. దాని నిండా వేడినీళ్లు పోసి రెండో కొస కూడా కట్టి, నా నడుము చుట్టూ వేశాడు. రబ్బరు కంపు, పంక్చరు అతికించే సొల్యూషన్ కంపు. కానీ ఆ వేడి నడుములోకి దిగుతుంటే, పిండుతున్న చేతులు ఒక్క నిమిషం వదిలాయి.

"అయితే నమ్ముతున్నవా, నాకు నొప్పి లేస్తాందని?" అని అడిగాను.

"నమ్ముడేందే. సల్లగైతే చెప్పు, మార్సి పోస్త" అన్నాడు.

ఆ జవాబును చాలాకాలం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. అవునన్నట్టా, కాదన్నట్టా? ఇప్పటికీ తేలలేదు. అత్తమ్మ తిరిగి వచ్చాక ట్యూబు దుకాణంలోకి వెళ్లిపోయింది. తల్లి ముందు పెళ్లాం నడుముకు వేడినీళ్లు పట్టే మగవాడు మా వాడకట్టులో ఇంకా పుట్టలేదు.

*

అరవై మూడు మాఘంలో ఒక్కదాన్నే పట్నం వెళ్లాను. ఆయన స్టేషనుదాకా వచ్చి, టిక్కెట్టు చేతిలో పెట్టి, "ఊకె భయపడకు. ఏం లేదంటరు, వచ్చెయ్" అన్నాడు. ఏం లేదంటారనే నా భయం. ఉంది అంటే ఓర్చుకోవచ్చు. లేదంటే ఏం చెయ్యాలి?

దవాఖాన వరండాలో పొడుగు బల్ల. పొద్దున్నుంచి కూర్చున్నాను. పేర్లు పిలుస్తున్నారు, నా పేరు రావడం లేదు. నా పక్కన ఒక ముసలామె ఉంది. కూర్చుని లేదు, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మోకాళ్లు వంగవు, మెడ తిరగదు. నాతో మాట్లాడాలంటే మనిషి మొత్తంగా తిరిగేది. కోడలు లోపల కాన్పుకు ఉందట. మర్రిగూడ దిక్కునుంచి వచ్చారు.

"మా దిక్కు నీళ్లల్లనే ఏందో ఉన్నదంట బిడ్డా. పండ్లు పచ్చగైతయి, ఎముకలు బిగుస్తయి. నీకేంది?"

చెప్పాను. ఐదేళ్లలో ఎవరూ మొదటినుంచి చివరిదాకా వినలేదు. ఆమె విన్నది. సంచి లేకున్నా నెలనెలా నొప్పి లేస్తోందని, ఇంట్లో ఎవరూ నమ్మరని చెప్పాను.

"నొప్పుందంటే ఉన్నట్టే గద" అంది ఆమె, ఆశ్చర్యపోయి.

"మీ ఊర్ల ఎవ్వలు అబద్ధమనరా అవ్వా?"

"ఎవలంటరు బిడ్డా? అనెటోనికి గూడ మోకాళ్లు వంగయి."

దేవుడు క్షమించాలి, ఆ ఊరి మీద నాకు అసూయ కలిగింది. ఊరంతా వంగని మోకాళ్లతో ఉన్న చోట ఒక్కరి నొప్పి ఒంటరిది కాదు. ఇంత తప్పుడు ఆలోచన ఎందుకు వచ్చిందా అని తల దించుకున్నాను. ఆమె తన సంచిలోంచి వేయించిన పల్లీలు తీసి నా ఒళ్లో పోసింది. తన పచ్చని పండ్లతో నమలలేదట. నాకోసం మోసుకొచ్చినట్టు ఇచ్చింది.

పొద్దు వాలాక నా పేరు పిలిచారు. డాక్టరమ్మ పాత చీటీ చూసింది, నన్ను చూసింది. ఏం లేదు అనలేదు.

"సంచి లోపల ఉండాల్సిన పొర కొందరికి బయట కూడా అంటుకుని ఉంటుంది. పేగుల మీద, నడుము వెనక. సంచి తీశాం కానీ బయట అంటుకున్నదంతా తీయడానికి రాదు. అండాలు పనిచేస్తున్నన్నాళ్లు అది నెలనెలా ఉబ్బుతుంది. నొప్పి అదే."

"మరి నెత్తురు కనవడదు గదమ్మా?"

"బయటికి దారేది? లోపలే."

"అంటే నాకింకా అయితుందన్నట్టేనా?"

ఆమె కాస్త ఆలోచించి, "ఒక విధంగా అంతే. లోపల" అంది. కావాలంటే ఇంకో ఆపరేషన్ చేసి అవి రెండూ తీయవచ్చు కానీ, ఆ వయసులో తీస్తే వేరే బాధలున్నాయంది. వయసు మళ్లితే అదే ఎండిపోతుందంది. నాకు ఇంకో పరేషాన్ వద్దు. ఓపిక పడతానని చెప్పి బయటికి వచ్చాను. వరండాలో ముసలామె లేదు. మనవడో మనవరాలో పుట్టి ఉంటుంది. నా సంతోషం చెప్పుకోవడానికి ఎవరూ దొరకలేదు. నిజమే, నాకు సంతోషంగానే ఉంది. తగ్గదని తెలిసి సంతోషపడిన రోగి ఆ దవాఖానలో నేనొక్కదాన్నే అయివుంటాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒక్కో పల్లీ తింటూ, ‘లోపలే, లోపలే’ అని నాలో నేనే అనుకుంటూ వచ్చాను.

ఇంటికి వచ్చి ఇద్దరికీ చెప్పాను. ఆయన తల ఊపాడు. "అయితే ట్యూబు తీసినా టైరుకు ముల్లు ఉండిపోయిందన్నమాట" అన్నాడు. అంతకంటే బాగా డాక్టరమ్మ కూడా చెప్పలేదు. అయితే ఆ మాట తన తల్లితో చెప్పమంటే, "ఆడోళ్ల ముచ్చట నేనెట్ల మాట్లాడత?" అని గాలి పంపు తీసుకుని లేచాడు.

అత్తమ్మ మాత్రం వంగి నా కడుపు వైపు చూసింది. "కనవడని ముట్టుంటదానే? పైసలు తీసుకునేటోళ్లు ఏదో ఒకటి చెప్పాలె గద. లే, నీళ్లు పెట్టు."

*

అరవై నాలుగు ఎండాకాలం. తొక్కు పెట్టే రోజు.

నాలుగిళ్ల కాయలు వచ్చాయి. పొద్దున్నే బుచ్చమ్మ, ఇంకా ముగ్గురు ఆడవాళ్లు పెరట్లో చేరారు. నేను కోశాను, తుడిచాను, ఉప్పూ కారం ఆవపిండీ ఎల్లిగడ్డా వేసి, నూనె పోసి కలుపుతున్నాను. మూడు జాడీలు నిండాయి. నాలుగోదానికి ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు నడుములో బట్ట తడిపారు.

"అత్తా, నాకు లేస్తాంది. జర పండుకుంట."

"గీ ఒక్క జాడీ కలిపి పండుకో" అంది అత్తమ్మ.

"ఇంకెంతసేపే అండాలూ, చెయ్యి పెట్టినవ్ గద" అంది బుచ్చమ్మ.

నేను లేచాను. చేతులు కడుక్కున్నాను. నాలుగడుగులు దూరం నడిచి, గోడ నీడన నేల మీద కూర్చుని, అందరికీ వినబడేలా అన్నాను: "నేను బయట కూసున్న."

కారం చేతులతో నలుగురూ అలాగే ఉండిపోయారు. ఈ విషయంలో మా దగ్గర కట్టుబాటు ఒకటుంది. బయట కూర్చున్నానని ఆడది నోటితో అంటే చాలు. ఎవరూ రుజువు అడగరు, అడిగితే సిగ్గు. తాకి చూడరు, చూస్తే స్నానం.

"సంచి లేనిదానికి ముట్టేందే!" అంది అత్తమ్మ.

"లోపల అయితదని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు లేదన్నవు. నువ్వన్నదే నిజమైతే తొక్కు మంచిగున్నట్టే, ఎవల జాడీ ఆళ్లు తీసుకపోండి. డాక్టరమ్మ చెప్పింది నిజమైతే నన్ను పండనియ్యండి."

బుచ్చమ్మ జాడీ వంక చూసింది. నా వంక చూసింది. మెల్లగా అడిగింది: "ఎప్పటిసందే అండాలూ?"

అబద్ధమో నిజమో నాకే తెలియదు. లోపల ఎప్పుడు మొదలవుతుందో ఎవరు చూశారు?

"తొలి కాయ కోసినప్పటిసంది, వదినె."

ఆరేళ్లుగా నా నొప్పి అబద్ధమన్న వాళ్లకు ఒక్క పని చేస్తే సరిపోయేది, వంగి జాడీ ఎత్తుకుని పోతే సరిపోయేది. ఒక్కరూ వంగలేదు. బుచ్చమ్మ తన జాడీ మూత పెట్టింది, పెట్టిన చేతిని చీర కొంగుకు తుడుచుకుంది, గంప అడుగున మిగిలిన కోయని కాయలు మాత్రం ఎత్తుకుని వెళ్లిపోయింది. వెనకే మిగతా ముగ్గురూ. మూడు జాడీలు ఎండలో నా పక్కన మిగిలాయి.

నొప్పి ఎప్పటిలాగే వచ్చింది. నమ్మినంత మాత్రాన అదేమీ తగ్గలేదు. నేలంతా వేడిగా ఉంది, ఎవరూ దగ్గరికి రావడం లేదు. నేను మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాను. లోపల అత్తమ్మ పొయ్యి ఊదుతున్న చప్పుడు, దగ్గు, గిన్నె జారిన చప్పుడు. చాలాసేపటికి ఆమె బయటికి వచ్చి, అన్నం పళ్లెం నేల మీద పెట్టి, కట్టెతో నా వైపు నెట్టింది. పోకుండా అక్కడే నిలబడింది.

"అన్నంలకు ఏమన్న చెయ్యాల్నానే?" అని అడిగింది.

"వద్దత్తా" అన్నాను. "తొక్కున్నది గద. మూడు జాడీలు."